సున్నా నుంచి అయిదు వందల దాకా: మూలుగ మార్పిడిలో నా అనుభవం

రక్త పరీక్ష కాగితం చేతికి వచ్చినప్పుడు నేను మొదట చూసింది హిమోగ్లోబిన్ అంకెనే. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని, దెబ్బ తగలకుండానే తొడల మీద కమిలిన మచ్చలు పడుతున్నాయని, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి కారే రక్తం ఓ పట్టాన ఆగడం లేదని ఆసుపత్రికి వెళ్ళాను కాబట్టి, రక్తహీనత అయి ఉంటుందని నాకు నేనే నిర్ణయించుకున్నాను. హిమోగ్లోబిన్ 5.8 ఉంది. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైగా ఉండవలసింది, తొమ్మిది వేలు ఉన్నాయి. ఆ రెండు అంకెలు చూసి నేను బెంబేలెత్తుతుంటే, రక్తవ్యాధుల నిపుణురాలు మూడో వరుస మీద వేలు పెట్టి, "నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది దీని గురించమ్మా" అన్నారు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు మైక్రోలీటరు రక్తంలో కనీసం 1,500 ఉండాలి. నాకు 180 ఉన్నాయి. రక్తం తగ్గితే రక్తం ఎక్కిస్తాం, ప్లేట్‌లెట్లు తగ్గితే అవీ ఎక్కిస్తాం, కానీ ఈ కణాలు బయటి నుంచి ఇచ్చినా గంటల్లో అయిపోతాయి, వీటిని ఎవరి ఒంట్లో వాళ్ళే తయారు చేసుకోవాలి అని ఆమె వివరించారు.

తుంటి ఎముకలో సూది దించి లోపలి మూలుగ (ఎముక మజ్జ) ముక్కను తీశారు. రక్తకణాలను పుట్టించే మూలకణాలు, వాటి నుంచి పుట్టే కణాలు కిక్కిరిసి ఉండవలసిన చోట దాదాపు అంతా కొవ్వే కనిపించింది. ఏప్లాస్టిక్ అనీమియా అని తేలింది. ఈ జబ్బు ఎలా వస్తుందో తెలిసినప్పుడు నాకు రోగనిరోధక వ్యవస్థ గురించి అప్పటిదాకా ఉన్న అభిప్రాయం మొత్తం కదిలిపోయింది. చాలామంది రోగులలో, నాలో కూడా, మూలుగను నాశనం చేసేది బయటి నుంచి వచ్చిన క్రిమి కాదట. శరీరాన్ని కాపాడవలసిన టి కణాలే సొంత మూలకణాలను పరాయివిగా పొరబడి చంపేస్తాయట. అంటే నాలో రక్షణ వ్యవస్థలోని ఒక దళం మరో దళం పుట్టే చోటునే తగలబెట్టింది. చికిత్సకు రెండు దారులు ఉన్నాయి: ఆ టి కణాలను మందులతో అణచి ఉంచడం, లేదా సరిపోయే దాత దొరికితే మూలుగనే మార్చడం. నా వయసు 31 ఏళ్ళు, తోడబుట్టినవాడు ఉన్నాడు. వైద్యులు రెండో దారినే సూచించారు.

తోడబుట్టినవాళ్ళు ఒక్కొక్కరితో సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. ఇక్కడ సరిపోవడం అంటే రక్తం గ్రూపు కలవడం కాదు, హెచ్‌ఎల్‌ఏ అనే అణువులు కలవడం. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్ దోసె 1958లో వీటిలో మొదటిదాన్ని గుర్తించి, తరువాత 1980లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. వీటి గురించి నేను చదివినదాంట్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి ఏమిటంటే, అవయవ మార్పిడికి అడ్డు పడడం వీటి అసలు పని కానే కాదు. శరీరంలోని దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల తునకలను ఈ అణువుల మీద పెట్టి బయటి గోడకు తగిలించి చూపుతుంది. వైరస్ చొరబడిన కణం వైరస్ తునకలను కూడా అలాగే చూపవలసి వస్తుంది, అటుగా వెళుతున్న టి కణం దాన్ని చదివి ఆ కణాన్ని చంపుతుంది. టి కణం క్రిమిని విడిగా గుర్తుపట్టదని, హెచ్‌ఎల్‌ఏ లాంటి సొంత అణువుతో కలిపి చూపితేనే గుర్తుపడుతుందని 1970లలో ఎలుకల మీద నిరూపించిన డోహర్టీ, జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ వచ్చింది. మా తమ్ముడి పరీక్ష ఫలితం వచ్చిన సాయంత్రం వాడే ఫోన్ చేసి, "అక్కా, మొత్తం కలిసిందట" అన్నాడు. ఆ మాటకు నేను ఏం బదులిచ్చానో నాకు గుర్తు లేదు.

మార్పిడికి ముందు నాలో మిగిలి ఉన్న రోగనిరోధక శక్తిని కూడా పూర్తిగా తుడిచిపెట్టవలసి ఉంటుంది. లేకపోతే ఆ మిగిలిన కణాలే తమ్ముడి మూలుగను తిప్పికొడతాయి. సైక్లోఫాస్ఫమైడ్ అనే మందుతో పాటు ఏటీజీ అనే మందు కూడా ఇచ్చారు. మనిషి టి కణాలను కుందేలులోకి ఎక్కించినప్పుడు, కుందేలు వాటి మీద తయారు చేసుకున్న యాంటీబాడీలే ఈ ఏటీజీ. ఒక జంతువు రక్షణ వ్యవస్థ తయారు చేసిన ఆయుధంతో నా రక్షణ వ్యవస్థను తొలగిస్తున్నారన్న మాట. మొదటి సీసా సగం కూడా ఎక్కకముందే మంచం ఊగేటంత చలి, వణుకు, 39.5 డిగ్రీల జ్వరం వచ్చాయి. చనిపోతున్న టి కణాలు తమలోని సంకేత రసాయనాలను ఒక్కసారిగా రక్తంలోకి వదలడమే అందుకు కారణమని నర్సు చెప్పి, సీసా వేగం తగ్గించి, దుప్పటి మీద మరో దుప్పటి కప్పింది.

మార్పిడి రోజును వైద్యులు సున్నా రోజు అని లెక్కిస్తారు. ఆ రోజు జరిగేది చూడడానికి రక్తం ఎక్కించినట్టే ఉంటుంది. తమ్ముడి తుంటి ఎముకల నుంచి మత్తులో ఉండగా తీసిన చిక్కటి ఎర్రని మూలుగ సంచి, ఛాతీలో పెద్ద రక్తనాళంలోకి అమర్చిన సెంట్రల్ లైన్ అనే గొట్టం ద్వారా కొన్ని గంటలలో నాలోకి దిగింది. మూలకణాలను ఎముకల్లోకి ఎవరూ చేర్చలేదు. ఎముక లోపలి కణజాలం విడుదల చేసే ఒక రసాయన సంకేతాన్ని పట్టుకుని, రక్తంలో ప్రయాణిస్తూ అవే తమ చోటికి చేరుకుంటాయి.

ఆ తరువాతి మూడు వారాల గురించే ముఖ్యంగా చెప్పాలని ఇది రాస్తున్నాను. మూడో రోజుకు నా న్యూట్రోఫిల్స్ సున్నా అయ్యాయి. గదిలోకి వచ్చే గాలిని వడకట్టి పంపేవారు. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని వచ్చేవారు. ప్రమాదం బయటి నుంచి వస్తుందని నేను ఆ తలుపు వైపే చూస్తుండేదాన్ని. అసలు ప్రమాదం నా లోపలే ఉందని అయిదో రోజున నా నోరు నాకు చెప్పింది. మందుల వల్ల నోటి పొర, పేగుల లోపలి పొర పుండ్లు పడ్డాయి. ఆ పొరల కణాలు త్వరత్వరగా పుట్టి రాలిపోయేవి కావడంతో, విభజన చెందే కణాలను చంపే మందుకు అవే ముందుగా బలయ్యాయి. నాలుక అంచులు పొట్టు లేచిపోయాయి, లాలాజలం జిగురుగా మారి, తరువాత దాదాపు ఎండిపోయింది. ఉమ్మిని నేను ఏనాడూ రక్షణ అని తలచలేదు. అందులో లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంటుందని, బాక్టీరియా గోడను అది కోసివేస్తుందని, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనిపెట్టడానికి ముందే, 1922లోనే దీన్ని ప్రకటించాడని ఆ రోజుల్లోనే తెలుసుకున్నాను. చర్మం, నోటి పొర, ముక్కులోని తేమ, కన్నీరు, కడుపులోని ఆమ్లం, ఇవన్నీ క్రిమి లోపలికి అడుగు పెట్టకుండానే ఆపే మొదటి కోట గోడ. నాకు ఆ గోడకు బీటలు పడ్డాయి, గోడ వెనుక కాపలా కూడా లేదు. పుట్టినప్పటి నుంచి నా పేగులలో ఏ హానీ చేయకుండా బతికిన బాక్టీరియాకు ఇప్పుడు రక్తంలోకి దారి తెరుచుకుంది.

ఏడో రోజు తెల్లవారుజామున జ్వరం 38.6 డిగ్రీలు చేరింది. ఆ గదిలో ఎవరూ ఒక్క నిమిషం వృథా చేయలేదు. సెంట్రల్ లైన్ నుంచి, చేతి నరం నుంచి రక్తం తీసి, అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షకు పంపారు, గంట తిరగకముందే యాంటీబయోటిక్ మొదలుపెట్టారు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ గారు నా ఛాతీ మీద లైన్ చుట్టూ నొక్కి చూశారు. చర్మం తెల్లగా, మెత్తగా ఉంది. "ఎరుపు లేదు కదండీ, అక్కడ ఏమీ లేనట్టేనా?" అని ఆశగా అడిగాను. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని చెప్పిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఎరుపు, వాపు, చీము, ఇవి క్రిమి చేసేవి కావమ్మా, మన కణాలు చేసేవి. ఇప్పుడు మీలో ఆ కణాలు లేవు. అందుకని ఎరుపు లేకపోవడాన్ని నేను శుభం అనుకోలేను. మీ ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఎక్స్‌రే శుభ్రంగానే కనిపించవచ్చు. జ్వరం ఒక్కటే నాకు కబురు చెప్పేది."

మరి ఆ జ్వరాన్ని ఎవరు తెప్పించారని నేను ఆ రోజంతా ఆలోచించాను. తరువాత అడిగి తెలుసుకున్నాను. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, చర్మంలో స్థిరంగా ఉండిపోయే మాక్రోఫేజ్‌లు అనే పెద్ద కణాలు మందులకు అంత త్వరగా లొంగవు. బాక్టీరియా గోడ తునక ఒకటి తగిలినా అవి ఇంటర్‌ల్యూకిన్‌లు అనే సంకేతాలను రక్తంలోకి వదులుతాయి. ఆ సంకేతం అందిన మెదడు, శరీరం ఉండవలసిన ఉష్ణోగ్రతను పైకి జరుపుతుంది. కొత్త మట్టానికి చేరడానికి కండరాలు వణుకుతాయి, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఒళ్ళు కాలిపోతుండగానే చలి వేయడం అందుకే. ఆ వేడిలో చాలా క్రిములు నెమ్మదిగా పెరుగుతాయి, రక్షణ కణాలు చురుకుగా కదులుతాయి. నా విషయంలో కదలడానికి కణాలు లేకపోయినా గంట మాత్రం మోగింది. కాలేయం తయారు చేసే కాంప్లిమెంట్ ప్రొటీన్లు ఉన్నాయి; చిన్నప్పటి టీకాల వల్ల, వచ్చిపోయిన జబ్బుల వల్ల తయారై రక్తంలో ఇంకా మిగిలి ఉన్న యాంటీబాడీలు ఉన్నాయి. ఇవి బాక్టీరియాకు అంటుకుని గుర్తు పెట్టగలవు, కొన్నిటికి చిల్లులు కూడా పొడవగలవు. గుర్తు పెట్టినదాన్ని మింగడానికి వచ్చేవే లేవు. కల్చర్‌లో ఈ. కోలై పెరిగింది, నా పేగులలోదే. యాంటీబయోటిక్ దానిని లొంగదీసింది. ఆరోగ్యవంతుడిలో అదే మందు సగం పని చేస్తే మిగతా సగం న్యూట్రోఫిల్స్ చేస్తాయి. నాకు మందే మొత్తం మోయవలసి రావడంతో, జ్వరం దిగడానికి అయిదు రోజులు పట్టింది.

ఆ అయిదు రోజుల్లో నా కన్ను పదే పదే ఎడమ చేతి వెనుక భాగం మీదికి పోయేది. ఎనిమిదో రోజున అక్కడ పెట్టిన సూది సరిగా నిలవకపోతే మర్నాడు తీసేశారు. ఆ రంధ్రం మూసుకోలేదు. చుట్టూ చర్మం పాలిపోయి, మధ్యలో చిన్న తడి చుక్కలా ఉండిపోయింది. సలుపు లేదు, వేడి లేదు, ఎరుపు లేదు. మామూలుగా అయితే అంతకంటే చిన్న గాయం కూడా రెండో రోజుకు కందిపోయి ఉండేది. మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1882లో ఇటలీలోని మెస్సీనాలో, అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రపు చేప లార్వాలో ముల్లు గుచ్చి, మర్నాడు సూక్ష్మదర్శినిలో చూస్తే, సంచరించే కణాలన్నీ ఆ ముల్లు చుట్టూ మూగి కనిపించాయట. క్రిములను మింగే కణాలు ఉన్నాయన్న సిద్ధాంతం అక్కడే మొదలైంది. నా చేతి మీది ఆ చుక్కను చూస్తూ, నాలో ముల్లు గుచ్చినా మూగేవాళ్ళు లేరు కదా అనుకునేదాన్ని.

రోజూ తెల్లవారుజామున రక్తం తీసుకెళ్ళేవారు. పది గంటలకు కౌంట్ వచ్చేది. నర్సు గోడ మీది తెల్ల పలక మీద అంకె రాసేది. పదహారు రోజుల పాటు అక్కడ సున్నాయే ఉంది. పంతొమ్మిదో రోజు 40 అని రాసింది. అది యంత్రం పొరపాటు కావచ్చని, సంతోషపడవద్దని నన్ను నేను కట్టడి చేసుకున్నాను. ఇరవయ్యో రోజు 130. ఆ రాత్రి తుంటి ఎముకలలో, వెన్నులో లోతైన పోటు మొదలైంది. మూలుగ నిండుతున్నప్పుడు అలా రావడం ఉంటుందని చెప్పారు.

ఇరవై ఒకటో రోజు ఉదయం నిద్ర లేచేసరికి ఎడమ చెయ్యి సలుపుతోంది. దీపం కింద పెట్టి చూశాను. పన్నెండు రోజులుగా పాలిపోయి ఉన్న ఆ చుక్క చుట్టూ రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కంది ఉంది. ముట్టుకుంటే వేడిగా ఉంది. మధ్యలో ఆవగింజంత పసుపు రంగు చీము. నేను బెల్ నొక్కాను. నర్సు వచ్చి, చేతిని వెలుగులోకి తిప్పి చూసి, "మేడమ్, చీము పట్టింది!" అంది. ఆ మాట అంత సంతోషంగా ఎవరైనా అనగా నేను వినలేదు. చీము అంటే పోరాడి చనిపోయిన న్యూట్రోఫిల్స్ కుప్పే. రక్తనాళం గోడకు అతుక్కుని, దొర్లుకుంటూ వచ్చి, కణాల సందుల్లోంచి దూరి బయటికి వచ్చి, బాక్టీరియాను మింగి, లోపల విష రసాయనాలతో చంపి, అవి కూడా అక్కడే రాలిపోతాయి. వాటి ఆయుష్షు అంత కొద్దిది కాబట్టే ఆరోగ్యవంతుడి మూలుగ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తూ ఉండాలి. నా చేతి మీద చనిపోయినవి మా తమ్ముడి మూలకణాల నుంచి పుట్టినవి. ఆ రోజు కౌంట్ 310. ఇరవై రెండో రోజు 560. తరువాతి రెండు రోజులూ అది అయిదు వందలకు పైనే నిలిచింది, మూడు రోజులు వరసగా అలా నిలిస్తేనే మూలుగ నాటుకుందని లెక్క. వారం లోపల నోటి పుండ్లు మానాయి.

ఇంటికి వెళ్ళేటప్పుడు, ఇక గండం గడిచినట్టే అనుకున్నాను. నిజానికి తిరిగి వచ్చింది రోగనిరోధక వ్యవస్థలో తొందరగా పరుగెత్తే సగమే. ఎవరు వచ్చినా ఒకేలా ఎదుర్కొనే కణాలు వారాలలో వస్తాయి. ఒక్కొక్క క్రిమినీ విడివిడిగా గుర్తుపట్టి, గుర్తు పెట్టుకునే బి కణాలకు నెలలు, టి కణాలకు ఏడాదికి పైగా పడుతుంది. టి కణాలు మూలుగలో పుట్టినా ఛాతీ ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో చదువు పూర్తి చేయాలి. జాక్ మిల్లర్ 1961లో అప్పుడే పుట్టిన ఎలుకల నుంచి దాన్ని తీసివేసి చూసేదాకా ఆ గ్రంథి పని ఏమిటో ఎవరికీ తెలియదు. అక్కడికి చేరిన కణాలలో అత్యధిక భాగం, సొంత శరీరాన్ని బలంగా పట్టుకునేవిగానో, దేన్నీ గుర్తించలేనివిగానో తేలి, అక్కడే చనిపోతాయి. వయసుతో పాటు థైమస్ కుంచించుకుపోతుంది కనుక పెద్దవాళ్ళలో ఈ పని నత్తనడకన సాగుతుంది. పైగా, తమ్ముడి టి కణాలు నా శరీరాన్నే పరాయిదిగా చూసి దాడి చేయకుండా ఏడాది పాటు సైక్లోస్పోరిన్ వేసుకోవలసి వచ్చింది. అరిచేతుల మీద ఎర్రటి దద్దు ఒకసారి వచ్చి, పూత మందుతో తగ్గింది.

టి కణాల కొరత ఎలా ఉంటుందో పదిహేనో నెలలో తెలిసింది. వైరస్‌ను ఆపే ఎసైక్లోవిర్ మాత్ర మానేసిన రెండు నెలలకు, కుడి పక్కటెముకల వెంట మంట మొదలై, మూడో రోజుకు అదే గీత మీద నీటి పొక్కులు లేచాయి. సర్పి. ఏడేళ్ళ వయసులో నాకు ఆటలమ్మ పోసింది. ఆ వైరస్ అప్పుడు నన్ను వదిలి పోలేదు, వెన్ను పక్కన నరాల ముడిలో ఇరవై అయిదేళ్ళు అణిగి కూర్చుంది. ఆ ఏళ్ళన్నీ దాన్ని అక్కడే కట్టిపడేసి ఉంచిన టి కణాలను మందులతో తీసేశారు. కొత్తవాటికి దాని పరిచయం లేదు. అంత కాలం నాలో అలాంటి కాపలా ఒకటి నడిచిందని, అది తొలగేదాకా నాకు తెలియనే తెలియదు. వెంటనే మందు మొదలుపెట్టడం వల్ల నెలలో తగ్గింది కానీ, ఆ చోట చర్మం ఇప్పటికీ కొద్దిగా మొద్దుబారి ఉంటుంది.

చిన్ననాటి టీకాల జ్ఞాపకం కూడా మార్పిడి తరువాత క్రమంగా చెరిగిపోతుంది. అందుకని ఏడాది నిండాక పసిపిల్లకు వేసినట్టు టీకాలన్నీ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు: ధనుర్వాతం, కంఠసర్పి, కోరింతదగ్గు, పోలియో, న్యుమోకాకస్, హెపటైటిస్ బి. మొదటి డోసులకు భుజం నొప్పి కూడా పెద్దగా రాలేదు. రెండో విడత ధనుర్వాతం టీకా వేసిన మూడో రోజున ఎడమ చంకలో బిళ్ళ కట్టింది, వేలితో తడిమితే చింతగింజంత గట్టిగా తగిలింది. భుజం దగ్గరి డెండ్రిటిక్ కణాలు టీకా తునకలను మోసుకుని చంకలోని ఆ లింఫ్ గ్రంథికి చేరతాయి. అక్కడ లక్షలాది బి, టి కణాలలో ఆ తునకకు సరిగ్గా అమరే గ్రాహకం ఉన్న కొద్ది కణాలు మేల్కొని, రోజుల తరబడి రెట్టింపవుతూ పోతాయి. ఏ క్రిమికి ఏది అమరుతుందో శరీరానికి ముందుగా తెలియదు. జన్యువు ముక్కలను పేకలా కలిపి కోట్లాది రకాల గ్రాహకాలను ముందే తయారు చేసి పెట్టుకుంటుందని సుసుము తొనెగావా కనిపెట్టి 1987లో నోబెల్ పొందాడు. ఆ బిళ్ళను రోజుకు పదిసార్లు తడిమి చూసుకున్నాను. హెపటైటిస్ బి యాంటీబాడీలు రక్షణకు 10 యూనిట్లు ఉంటే చాలు. టీకాకు ముందు నాకు అంతకన్నా తక్కువ ఉన్నాయి. మూడు డోసుల తరువాత 236 వచ్చాయి.

చివరగా మిగిలింది తట్టు టీకా. అందులో బలహీనపరచిన వైరస్ బతికే ఉంటుంది కాబట్టి, రెండేళ్ళు దాటి, రోగనిరోధకతను అణచే మందులన్నీ ఆగి, టి కణాల లెక్క బాగుందని తేలాకే వేస్తారు. ఇరవై ఆరో నెలలో వేశారు. వారం నుంచి పన్నెండు రోజుల మధ్య కొద్దిపాటి జ్వరం రావచ్చని, 38 దాటితే ఫోన్ చేయమని డాక్టర్ గారు చెప్పి పంపారు. తొమ్మిదో రోజు సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. థర్మామీటరు పెడితే 37.8. రెండేళ్ళ కిందట ఆ అంకె చూసి ఉంటే నా గుండె ఆగిపోయేది. పారాసిటమాల్ వేసుకోకుండా గంటకోసారి చూసి పుస్తకంలో రాసుకుంటూ కూర్చున్నాను. అప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు. నా తెల్ల రక్తకణాలను పరీక్షిస్తే ఇప్పుడు అన్నిట్లోనూ వాడి వై క్రోమోజోమే కనిపిస్తుంది. రక్తం గ్రూపు కూడా నాది పోయి వాడిదే వచ్చింది.

"గొంతు అలా ఉందేమిటక్కా, జ్వరమా?"

"అవును రా. నీ కణాలు తట్టును నేర్చుకుంటున్నాయి."

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎంత ఉంది?" అని అడిగాడు. మళ్ళీ చూసి 37.9 అని చెప్పాను. మర్నాడు ఉదయానికి 36.8కి దిగింది.